మూడు స్విచ్‌లుంటే మూడు ఐపీ శ్రేణులు కావాలా?

ప్రశ్న: మా కాలేజీలో అంతస్తుకో స్విచ్ ఉంది. ల్యాబ్ కంప్యూటర్లన్నీ వీల్యాన్ 20లో ఉండాలి. దాన్ని మూడు అంతస్తులకూ ఎలా పొడిగించాలి? ఒక్కో స్విచ్‌లో దానికి ఒక్కో ఐపీ శ్రేణి ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదండీ. వీల్యాన్ ఎన్ని స్విచ్‌ల మీద పరుచుకున్నా దానికి ఒకే సబ్‌నెట్, ఒకే గేట్‌వే. మీరు 192.168.20.0/24 ఎంచుకుంటే పై అంతస్తు కంప్యూటరైనా, కింది ప్రింటరైనా ఆ 254 అడ్రసుల్లోంచే తీసుకుంటాయి.

ఎందుకంటే, ఒకే వీల్యాన్‌లో ఫ్రేమును దాటించేటప్పుడు స్విచ్ చూసేది మ్యాక్ అడ్రస్‌ని. ఐపీతో దానికి పని లేదు. మరి పై స్విచ్ నుంచి కిందికి వచ్చిన ఫ్రేము ఏ వీల్యాన్‌దో ఎలా తెలుస్తుంది? స్విచ్‌లను కలిపే పోర్ట్‌ను ట్రంక్‌గా పెడతాం. ఆ తీగ మీదికి పంపే ముందు స్విచ్ ఫ్రేములో, పంపినవారి మ్యాక్ అడ్రస్ వెనకాలే, 4 బైట్ల ట్యాగ్ చొప్పిస్తుంది. అందులో 12 బిట్లు వీల్యాన్ నంబరువి. మొత్తం 4096 విలువల్లో 0, 4095 పక్కన పెట్టగా వాడుకోడానికి 1 నుంచి 4094 వరకు మిగులుతాయి. అవతలి స్విచ్ ట్యాగ్ చదివి, దాన్ని తీసేసి, ఫ్రేమును కంప్యూటర్‌కు అందిస్తుంది. కంప్యూటర్‌కు ఈ సంగతే తెలియదు. 1998లో ఐఈఈఈ 802.1క్యూ ప్రమాణం వచ్చింది కాబట్టి వేర్వేరు కంపెనీల స్విచ్‌లు కూడా ఈ ట్యాగ్‌ను ఒకేలా అర్థం చేసుకుంటాయి.

చిక్కంతా ఎక్కువగా మధ్య స్విచ్ దగ్గరే వస్తుంది. రెండో అంతస్తులో ల్యాబ్ లేదు కదా అని అక్కడ వీల్యాన్ 20 సృష్టించకపోతే, ట్రంక్ సరిగ్గానే ఉన్నా ఫ్రేములు అక్కడే ఆగిపోతాయి. సిస్కో స్విచ్‌లలో ఇంకో ప్రమాదం ఉంది. ట్రంక్‌లో అనుమతించిన వీల్యాన్‌ల జాబితాకు కొత్తగా వీల్యాన్ 30 చేర్చాలంటే ఆదేశంలో ‘యాడ్’ అనే మాట తప్పనిసరి. అది లేకుండా కొడితే పాత జాబితా చెరిగిపోయి 30 ఒక్కటే మిగులుతుంది, అంతస్తులకు అంతస్తులే మూగబోతాయి. ఈ ఆదేశం కొట్టేముందు ఒక్క క్షణం ఆగి మళ్లీ చదువుకోమని గట్టిగా చెబుతాను. ట్రంక్ రెండు కొసల్లో నేటివ్ వీల్యాన్ (ట్యాగ్ లేకుండా వెళ్లే ఫ్రేములది) కూడా ఒకటే ఉండాలి.

ఇక గేట్‌వే. 192.168.20.1ని సర్వర్ రూంలోని రౌటర్ మీద గానీ, లేయర్ 3 స్విచ్ మీద గానీ, ఒక్కచోటే పెట్టండి. మిగతా స్విచ్‌లకు మీరు లాగిన్ అవడానికి ఒక్కో అడ్రస్ చాలు, అదీ వేరే మేనేజ్‌మెంట్ వీల్యాన్‌లో. డీహెచ్‌సీపీ సర్వర్ మరో వీల్యాన్‌లో ఉంటే రిలే అమర్చాల్సింది కూడా గేట్‌వే మీదే. రిలే తన అడ్రస్‌ను అభ్యర్థనలో రాసి పంపుతుంది. దాన్ని చూసే సర్వర్ 20వ వీల్యాన్ శ్రేణిలోంచి అడ్రస్ ఇస్తుంది.

అన్నీ పెట్టాక ఏదైనా కంప్యూటర్ 169.254తో మొదలయ్యే అడ్రస్ చూపిస్తే, దానికి డీహెచ్‌సీపీ జవాబు అందలేదని అర్థం. చేత్తో 192.168.20.50 ఇచ్చి గేట్‌వేను పింగ్ చేయండి. జవాబొస్తే తీగదారి బాగానే ఉంది, రిలేనో సర్వర్‌నో చూడండి. రాకపోతే కంప్యూటర్ ఉన్న స్విచ్ నుంచి గేట్‌వే వైపుగా ఒక్కో స్విచ్‌లో మ్యాక్ పట్టిక తెరవండి. ఆ కంప్యూటర్ మ్యాక్ వీల్యాన్ 20లో ఏ స్విచ్ వరకు కనిపించి ఆ తర్వాతి దానిలో మాయమైందో, ఆ రెంటి మధ్య ట్రంక్‌నూ అవతలి స్విచ్‌లో వీల్యాన్ 20 ఉందో లేదో అన్నదాన్నీ ముందు పరిశీలించండి.