నాలుగు తాళ్లు, ఒకే గుంజ

పేద దేశపు పథకానికి అనేకమంది దాతలు కలిసి డబ్బు పెట్టడాన్ని ‘ఉమ్మడి ఆర్థిక సహాయం’ అంటారు. మాట తీయగానే ఉంది. కాని ఇందులో చాలా భాగం దానం కాదు, తిరిగి తీర్చవలసిన అప్పు. అందుకే ‘దాత’ అన్న మాటను నేనిక్కడ అయిష్టంగానే వాడుతున్నాను.

దాతలు ఎందరుంటే అంత భద్రత అంటారు. నిజమేమిటో బంగ్లాదేశ్‌లోని పద్మా వంతెన చెబుతుంది. 2011లో 290 కోట్ల డాలర్ల ఆ పథకానికి ప్రపంచ బ్యాంకు 120 కోట్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 61.5 కోట్లు, జపాన్ సుమారు 40 కోట్లు, ఇస్లామిక్ అభివృద్ధి బ్యాంకు 14 కోట్లు అప్పు ఇవ్వజూపాయి. మిగిలింది బంగ్లాదేశ్ వాటా.

పర్యవేక్షణ కాంట్రాక్టు విషయంలో లంచాల కుట్ర జరిగిందంటూ 2012 జూన్‌లో ప్రపంచ బ్యాంకు తన అప్పును రద్దు చేసింది. ఆసియా బ్యాంకు, జపాన్ గడువులు పొడిగించి, దాన్ని తిరిగి ఒప్పించుకు రమ్మన్నాయేగాని తాము ముందుకు నడవలేదు. కొత్త షరతులతో మళ్లీ వస్తానన్న ప్రపంచ బ్యాంకు అప్పు తమకు వద్దని 2013 జనవరి చివర బంగ్లాదేశ్ చెప్పింది. ఆసియా బ్యాంకు కూడా తప్పుకుంది.

ఎందుకిలా? పథకాన్ని ముందుండి పరీక్షించేది ఒక పెద్ద సంస్థ; తక్కినవారు దాని మాట మీద ఆధారపడతారు. ఒకరి అప్పు అమలు కావాలంటే ఇతరుల ఒప్పందాలు కూడా అమలులో ఉండాలని షరతులు రాసుకోవడమూ ఉంది. దాతలకు ఇది నష్టభయాన్ని పంచుకోవడం. అప్పు పుచ్చుకునే దేశానికి మాత్రం నాలుగు తాళ్లూ ఒకే గుంజకు కట్టి ఉంటాయి. గుంజ ఊడితే అన్నీ ఊడతాయి.

ఆ ఆరోపణపై కెనడాలో నడిచిన కేసును 2017లో అక్కడి కోర్టు సాక్ష్యం లేక కొట్టివేసింది. అది ఢాకా పాలకులకు యోగ్యతాపత్రమేమీ కాదు. బంగ్లాదేశ్ సొంత నిధులతో కట్టిన వంతెన 2022 జూన్ 25న ప్రారంభమైంది. 2007లో 10,161 కోట్ల టాకాలన్న అంచనా 30,193 కోట్లకు చేరింది. పెరుగుదల అంతా దాతల పాపం కాదు. 2011 నాటికే అంచనా రెట్టింపయింది. కాని జాప్యం ఖరీదును ఏ బ్యాంకూ భరించలేదు, ప్రజలు భరించారు.

మనకిది దూరపు కథ కాదు. 2019 జులైలో భారత ప్రభుత్వం అభ్యర్థనను వెనక్కు తీసుకోగా ప్రపంచ బ్యాంకు అమరావతి పథకాన్ని వదులుకుంది. వెంటనే, దానితో కలిసి అప్పిచ్చే ఆలోచనలో ఉన్న ఆసియా మౌలిక పెట్టుబడుల బ్యాంకూ వదులుకుంది.

కనుక ఎందరు దాతలను ఆకర్షించామన్నది అసలు ప్రశ్న కాదు. ఒకరు లేచిపోతే తక్కినవారు నిలిచేటట్లు ఒప్పందం రాసుకున్నామా? పథకాన్ని స్వయంగా పరీక్షించుకునే శక్తి మనకుందా? ఆ కాగితాలను, అప్పు తీర్చబోయే ప్రజల ముందు పెట్టామా? ఈ మూడింటికీ జవాబు చెప్పని ప్రభుత్వం తెచ్చే సహాయాన్ని అనుమానించే హక్కు మనకుంది.