ఒకరి పొరపాటుకు అందరి పని ఆగకుండా: లినక్సులో వాడుకరి పరిమితులు

కళాశాల ప్రయోగశాలలో ఒకే లినక్సు సర్వరుపై పలువురు విద్యార్థులు పని చేస్తున్నప్పుడు, ఒకరి ప్రోగ్రాములోని చిన్న తప్పు అందరి పనినీ స్తంభింపజేయవచ్చు. ఒక ప్రాసెస్ తనవంటి మరొకదానిని, ఆ రెండూ చెరొకదానిని పుట్టిస్తూ పోతే పది విడతలకు వాటి సంఖ్య 1,024 అవుతుంది. ఇరవై విడతలకు పది లక్షలు దాటుతుంది. వంతు లేని కాలువలో నీరంతా ఎగువ మడికే దక్కినట్లు, యంత్రశక్తి యావత్తూ ఆ ఒక్క ప్రోగ్రాముకే ఖర్చవుతుంది.

ఈ వంతును నిర్ణయించే ఏర్పాటు యునిక్సు కుటుంబానికి కొత్త కాదు. 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీలోనే అది ఉంది. లినక్సులో ప్రతి పరిమితికీ రెండు అంచెలుంటాయి. ప్రస్తుతం అమలులో ఉండేది సాఫ్ట్ లిమిట్. వాడుకరి దానిని హార్డ్ లిమిట్ వరకు స్వయంగా పెంచుకోవచ్చు. హార్డ్ లిమిట్‌ను మాత్రం తగ్గించుకోగలడే గాని పెంచలేడు. ఆ అధికారం నిర్వాహకుడైన రూట్‌దే.

టెర్మినల్‌లో 'యూలిమిట్ -ఏ' అన్న ఆజ్ఞ ఇస్తే అమలులో ఉన్న పరిమితులన్నీ కనిపిస్తాయి. ఈ ఆజ్ఞతో చేసిన మార్పు ఆ టెర్మినల్‌కు, దాని నుండి మొదలైన ప్రోగ్రాములకే వర్తిస్తుంది. శాశ్వతంగా ఉండాలంటే ఈటీసీ డైరెక్టరీలోని సెక్యూరిటీ విభాగంలో ఉన్న 'లిమిట్స్.కాన్ఫ్' ఫైలును నిర్వాహకుడు సవరించాలి. అందులో ఒక్కొక్క వరుసకు నాలుగు అంశాలు: ఎవరికి, ఏ రకం, దేనికి, ఎంత. ఉదాహరణకు '@స్టూడెంట్స్ హార్డ్ ఎన్‌ప్రాక్ 200' అంటే, ఆ బృందంలోని ప్రతి వాడుకరికీ విడివిడిగా 200 ప్రాసెస్‌లే గరిష్ఠం. ఫైలులో ఈ మాటలను ఆంగ్లాక్షరాలలోనే టైపు చేయాలి.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు అవసరం. ప్రాసెస్‌ల పరిమితి వాడుకరి మొత్తానికి లెక్క. తెరచిన ఫైళ్ళ పరిమితి ఒక్కొక్క ప్రాసెస్‌కు. ప్రాసెస్‌ల లెక్కలోకి త్రెడ్లు కూడా వస్తాయి కనుక, అంకె మరీ తగ్గిస్తే బ్రౌజరు సైతం తెరుచుకోకపోవచ్చు. మార్పు తరువాతి లాగిన్ నుండే అమలవుతుంది. అందుచేత రూట్ లాగిన్‌ను మూయకుండా, వేరొక టెర్మినల్‌లో విద్యార్థి పేరున ప్రవేశించి పరీక్షించడం మేలు.

ప్రాసెస్‌ల పరిమితి రూట్‌కు వర్తించదు. కాబట్టి రూట్ సంకేతపదం విద్యార్థుల చేతికి వెళ్ళిన నాడు ఈ కట్టుబాటంతా వృథాయే.