తుంగ ఒడ్డున మఠం, మఠం చుట్టూ ఊరు: శృంగేరి

మీరు ఎప్పుడైనా మంత్రాలయం వెళ్ళారా? కర్నూలు పట్టణాన్ని ఒరుసుకుంటూ పారే నదిని చూశారా? సుంకేసుల దగ్గర మొదలయ్యే కె.సి. కాలువ కింద పండిన వడ్లు మీ ఇంటికి ఎప్పుడైనా వచ్చాయా? అయితే ఈ పాఠంలో మనం చదవబోయే ఊరితో మీకు తెలియకుండానే ఒక సంబంధం ఉన్నది. తుంగభద్ర అనే పేరులో రెండు నదులు ఉన్నాయి. ఒకటి తుంగ, రెండవది భద్ర. రెండూ కర్ణాటకలోని పడమటి కనుమలలో గంగామూల అనే చోట పుట్టి, వేరువేరు దారులు పట్టి, శివమొగ్గ సమీపంలోని కూడలి అనే ఊరి దగ్గర కలుస్తాయి. తుంగ పొడవు 147 కిలోమీటర్లు మాత్రమే. ఈ చిన్న నది ఒడ్డునే శృంగేరి ఉన్నది.

"గంగా స్నానం, తుంగా పానం" అనే సామెత మీరు వినే ఉంటారు. స్నానానికి గంగ, తాగడానికి తుంగ అని దాని అర్థం.

శృంగేరి చిక్కమగళూరు జిల్లాలో ఉన్నది. కన్నడిగులు ఈ ప్రాంతాన్ని మలెనాడు అంటారు. మలె అంటే కొండ. దీనికి దగ్గరలోనే ఉన్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. మన అనంతపురంలో కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే అక్కడ ఒక్క ఏడాదిలో పడే వాన అనంతపురంలో పడాలంటే పన్నెండేళ్ళు దాటుతుంది. అందుకే అక్కడి ఇళ్ళకు బాగా వాలుగా ఉండే పెంకుటి కప్పులు, కొండవాలుల్లో పోకతోటలు, లోయల్లో వరిమళ్ళు కనిపిస్తాయి.

ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? రామాయణంలోని ఋష్యశృంగుడు ఇక్కడి కొండలలో తపస్సు చేశాడనీ, ఋష్యశృంగగిరి అనే మాటే కాలక్రమంలో శృంగేరి అయిందనీ చెబుతారు. శృంగేరికి కొద్ది దూరంలోని కిగ్గ గ్రామంలో ఋష్యశృంగేశ్వరాలయం ఉన్నది. వానల కోసం రైతులు ఆయనకు మొక్కుకుంటారు. ఇంత వాన పడే చోట వాన కోసం మొక్కడమేమిటని మీకు నవ్వు రావచ్చు. వరి, పోక పండించే రైతుకు వాన ఎక్కువైనా, ఆలస్యమైనా నష్టమే అని గుర్తుంచుకోండి.

నది రెండు ఒడ్డులు

శృంగేరి మఠాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు నదిని మధ్యలో పెట్టుకోవాలి. ఉత్తరపు ఒడ్డున శారదాంబ ఆలయం, విద్యాశంకరాలయం, మెట్లు కట్టిన స్నానఘట్టం, బజారు ఉన్నాయి. దక్షిణపు ఒడ్డు నరసింహవనం. గురువుల నివాసం, పూర్వ గురువుల సమాధి మందిరాలు, సంస్కృత పాఠశాల అక్కడ ఉన్నాయి. ఒక ఒడ్డున యాత్రికుల సందడి, రెండవ ఒడ్డున చెట్ల నీడ, చదువు. ఒకప్పుడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవలో దాటేవారు. ఇప్పుడు విద్యాతీర్థ సేతువు అనే కాలినడక వంతెన ఉన్నది.

స్నానఘట్టం మెట్ల మీద ఒక చిన్న శిల్పం ఉన్నది. పేరు కప్పె శంకర. కన్నడంలో కప్పె అంటే కప్ప. ఒక మిట్టమధ్యాహ్నం ప్రసవవేదన పడుతున్న కప్పకు ఒక నాగుపాము పడగ పట్టి నీడ ఇవ్వడం శంకరాచార్యులు చూశారనీ, పుట్టుకతో వైరం గల జీవుల మధ్యకూడా శాంతి ఉన్న ఈ చోటే తన మొదటి మఠానికి తగినదని నిర్ణయించారనీ కథ. ఆషాఢ, శ్రావణ మాసాలలో తుంగ పొంగినప్పుడు ఈ శిల్పమున్న మంటపం నీట మునిగిపోతూ ఉంటుంది. వరద తీసిన తర్వాత ఒండ్రు కడిగి మళ్ళీ పూజలు చేస్తారు.

ఘట్టం దగ్గరి నీటిలో పెద్దపెద్ద చేపలు గుంపులుగా తిరుగుతూ ఉంటాయి. వీటిలో మహసీర్ జాతివి ముఖ్యమైనవి. ఇక్కడ చేపలు పట్టడం నిషేధం. యాత్రికులు బొరుగులు చల్లితే అవి మెట్ల దాకా వస్తాయి. నదిలో ఒక భాగాన్ని దేవునిదిగా భావించి, అక్కడి చేపల జోలికి పోకుండా ఉండడం మలెనాడులో పాత ఆచారం. మహసీర్ చల్లగా, వేగంగా, శుభ్రంగా పారే నీటిలో బతికే చేప. ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు, విషం కలిపి చేసే వేట వంటి వాటివల్ల ఇతర చోట్ల దాని సంఖ్య బాగా తగ్గింది. గుడి ముందరి మడుగులు దానికి ఆశ్రయమయ్యాయి.

కథ, శాసనం

ఇప్పుడు ఒక కష్టమైన ప్రశ్న. ఈ మఠం ఎంత పాతది?

ఎనిమిదవ శతాబ్దంలో శంకరాచార్యులు స్థాపించారని మఠ సంప్రదాయం చెబుతుంది. భక్తులు దీనిని నమ్ముతారు. చరిత్రకారులు మాత్రం శాసనం ఏమంటున్నదని అడుగుతారు. శృంగేరి ఊళ్ళో 12వ శతాబ్దపు జైన బసది ఒకటి ఉన్నది. అది పార్శ్వనాథునిది. అంటే ఆనాడు ఇక్కడ జైనులు కూడా నివసించారు. మఠాన్ని గురించి స్పష్టంగా చెప్పే శాసనాలు 14వ శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి. వాటిలో ముఖ్యమైనది 1346 నాటిది. విజయనగర రాజ్యానికి పునాది వేసిన హరిహరుడు, బుక్కడు మొదలైన అయిదుగురు సోదరులు శృంగేరిలో విజయోత్సవం జరుపుకొని భారతీతీర్థులకు, వారి శిష్యులకు, అక్కడ నివసించే నలభైమంది బ్రాహ్మణులకు భూమి ఇచ్చినట్లు అది చెబుతున్నది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. విద్యారణ్యులు విజయనగరాన్ని స్థాపింపజేశారని మీరు చిన్నప్పటి నుంచి వింటున్నారు. కాని 1346 శాసనంలో ముఖ్యంగా కనిపించే గురువు భారతీతీర్థులు. విద్యారణ్యులు పీఠం మీద ఉన్నది సుమారు 1380 నుంచి 1386 వరకు. ఆయన గొప్ప పండితుడనడంలోగాని, రాజులు ఆయనను గౌరవించారనడంలోగాని సందేహం లేదు. అయితే రాజధాని స్థాపన కథ ఇప్పుడు మనం వినే రూపంలో తర్వాతి కాలపు గ్రంథాలలోనే కనిపిస్తుంది. అందుకే దానిని చరిత్రకారులందరూ ఒకే విధంగా అంగీకరించరు.

రాజులు ఎక్కడో మారుమూల కొండల్లోని సన్యాసులకు భూములెందుకు ఇచ్చారు? భక్తి ఒక కారణం. అదొక్కటే కాదు. హొయసల రాజ్యం కూలిపోతున్న కాలం అది. కొత్తగా రాజ్యానికి వచ్చినవారికి పెద్ద వంశం పేరు లేదు. అందరూ గౌరవించే గురువు ఆశీర్వాదం ఉంటే, ప్రజల దృష్టిలో వారి అధికారానికి ఒక బలం వస్తుంది. గురువులకేమో మఠం, పాఠశాల, అన్నదానం నడవడానికి భూమి కావాలి. ఇద్దరి అవసరాలు కలిశాయి. మరొక సంగతి గమనించండి. గురువుల ఊరు తుంగ ఒడ్డున ఉంటే, రాజుల ఊరు హంపి అదే నీరు దిగువకు పారే తుంగభద్ర ఒడ్డున ఉన్నది.

విద్యాశంకరాలయం

ఈ కాలానికి చెందినదే విద్యాశంకరాలయం. విద్యాతీర్థులనే గురువు సమాధిపై దీనిని కట్టారని చెబుతారు. కట్టిన సంవత్సరం 1338 అని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. అయితే 1356లో బుక్కరాయలు విద్యాతీర్థుల దర్శనానికి శృంగేరి వచ్చినట్లు శాసనం ఉన్నది. 1338కే సమాధి మందిరం ఉంటే 1356లో రాజు ఎవరిని దర్శించాడు? అందువల్ల గుడిని 1356 తర్వాత కట్టి ఉంటారని కొందరు పండితుల అభిప్రాయం. పరీక్షలో సంవత్సరం రాయవలసి వస్తే 14వ శతాబ్దమని రాయడం మంచిది. అది ఏ పక్షం వారికీ తప్పు కాదు.

ఎత్తయిన పీఠం మీద నిలిచిన ఈ రాతి గుడి తూర్పు పడమరలుగా సాగి, చివరలు వంపు తిరిగి ఉంటుంది. హొయసల, ద్రావిడ పద్ధతులు రెండూ ఇందులో కలిశాయి. గోడల మీద వరుసలుగా దేవతల శిల్పాలు ఉన్నాయి. ఆరు ద్వారాలు ఉన్నాయి. ముందరి మంటపంలో పన్నెండు స్తంభాలు, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క రాశి గుర్తు. సూర్యుడు ఏ రాశిలో ఉంటే ఉదయపు ఎండ ఆ రాశి స్తంభం మీద పడుతుందని చెబుతారు. స్తంభాల మీది యాళిల నోళ్ళలో రాతి గుండ్లు ఉన్నాయి. వాటిని వేలితో దొర్లించవచ్చు గాని బయటకు తీయలేము. చూరుకు వేలాడే రాతి గొలుసు కూడా ఒకే రాతిలో చెక్కినదే. యాత్రికులు ఎక్కువసేపు నిలబడి చూసేది ఈ గుండ్లనూ గొలుసునే. మీరు వెళ్తే గోడల చుట్టూ కూడా ఒకసారి నిదానంగా తిరగండి.

శారదాంబ ఆలయం వేరు. అది మొదట కలపతో కట్టిన చిన్న మందిరమని, విగ్రహం చందనపు చెక్కదని సంప్రదాయం. ఇప్పుడున్న రాతి ఆలయానికి 1916లో కుంభాభిషేకం జరిగింది.

నల్లగుడ్డ మీద రాసిన చరిత్ర

మఠంలో దొరికిన పాత కాగితాలు, తాళపత్రాలు కాక కడితాలు కూడా ఉన్నాయి. ఈ మాట మన తెలుగు నిఘంటువులలోనూ ఉన్నది. గుడ్డకు జిగురు, బొగ్గుపొడి కలిపి పట్టించి, ఆరబెట్టి, మడతలుగా పుస్తకంలా చేస్తారు. నల్లని ఆ గుడ్డ మీద బలపంతో తెల్లగా రాస్తారు. పలక మీద రాసినట్లే అన్నమాట. వర్తకులు లెక్కలు రాసుకున్నదీ, మఠాల వారు భూముల వివరాలు రాసి పెట్టుకున్నదీ వీటి మీదే. ఏ ఊరిలో ఎంత పొలం, ఎవరు సాగు చేస్తున్నారు, ఎంత చెల్లించాలి అన్నది ఇటువంటి రాతల వల్లనే తెలుస్తుంది. ఆ పొలాలను దున్నిన కౌలుదార్ల కష్టం మాత్రం రాతల్లో అంకెలుగానే మిగిలింది. విజయనగర రాజుల తర్వాత కెళది నాయకులు, మైసూరు రాజులు కూడా మఠాన్ని ఆదరించారు. శృంగేరి జాగీరు ఒక చిన్న సంస్థానంలా నడిచింది. 1955లో మైసూరు రాష్ట్రం మత, ధర్మ ఇనాములను రద్దు చేస్తూ చట్టం చేయడంతో ఆ వ్యవస్థ ముగిసింది.

1916లో మైసూరు పురావస్తు శాఖ డైరెక్టరు ఆర్. నరసింహాచార్ మఠంలో సుమారు ముప్ఫై ఉత్తరాల కట్ట ఒకటి చూశారు. అవి కన్నడంలో ఉన్నాయి. రాయించినది టిప్పు సుల్తాన్.

సంగతి ఇది. 1791లో మైసూరు మీద ఇంగ్లీషువారు, మరాఠాలు, నిజాము కలిసి యుద్ధం చేస్తున్నారు. పరశురామ భావు పట్వర్ధన్ నాయకత్వంలోని మరాఠా సైన్యానికి చెందిన గుర్రపు దండు శృంగేరిపై పడి మఠాన్ని దోచుకున్నది. మనుషులను చంపారు. శారదాంబ విగ్రహాన్ని పెకలించారు. అప్పటి గురువు మూడవ సచ్చిదానంద భారతి కార్కళకు వెళ్ళి తలదాచుకున్నారు. అక్కడి నుంచి టిప్పుకు రాశారు. టిప్పు దోపిడీని తీవ్రంగా ఖండిస్తూ జవాబిచ్చాడు. విగ్రహ పునఃప్రతిష్ఠకు 200 రహతి నాణేల నగదు, ఇతర సామగ్రి ఇవ్వవలసిందిగా బెదనూరు అధికారిని ఆజ్ఞాపించాడు. తన విజయం కోసం చండీ జపాలు చేయించమని గురువును కోరాడు.

ఈ ఉత్తరాలు చదివినవారిలో కొందరు టిప్పు హృదయ వైశాల్యాన్ని చూస్తారు. యుద్ధంలో ఇరుకున పడ్డ రాజు ప్రజల మద్దతు కోసం చేసిన పని అని మరికొందరు అంటారు. కొడగు, మలబారు ప్రాంతాలలో అతని సైన్యాలు చేసిన పనులను గుర్తు చేసేవారూ ఉన్నారు. దోచుకున్నవారు హిందువులు, సాయం చేసినవాడు ముస్లిం అన్న ఒక్క వాక్యంతో ఆపేసినా, ఆ ఉత్తరాలే లేనట్లు ఊరుకున్నా చరిత్ర చదివినట్లు కాదని ఈ పాఠం రాసినవారి అభిప్రాయం. ఆ దండు శృంగేరికి ఎందుకు వచ్చింది? అక్కడ సొమ్ము ఉన్నది కాబట్టి. రాజు ఎందుకు సాయం చేశాడు? ఆ మఠానికి తన రాజ్యంలో పరపతి ఉన్నది కాబట్టి. ముందు ఈ రెండు కారణాలు రాసుకోండి. తర్వాత మీ అభిప్రాయం రాయండి.

ఇప్పటి శృంగేరి

1989లో పీఠం ఎక్కిన 36వ గురువు పేరు కూడా భారతీ తీర్థులే. 1346 శాసనంలోని భారతీతీర్థులతో పొరబడవద్దు. ఈయన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. 2015లో ఆయన శిష్యునిగా స్వీకరించిన విధుశేఖర భారతి తిరుపతి వారు. నవరాత్రులలో శృంగేరి బజారులో మీకు తెలుగు మాటలు ధారాళంగా వినిపిస్తాయి. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి మన ప్రాంతాల నుంచి వెళ్ళేవారు చాలామంది.

యాత్రికులు పెరిగితే వసతి గదులు పెరుగుతాయి, మురుగు పెరుగుతుంది, ప్లాస్టిక్ సంచులు పెరుగుతాయి. వాటిని ఆపకపోతే చేరేది తుంగలోకే. నదికి ఎగువన ఉన్న కొండల సంగతి కూడా తెలుసుకోవాలి. కుద్రేముఖ్‌లో దశాబ్దాలపాటు ఇనుప ఖనిజం తవ్వారు. తవ్విన మన్ను వానలకు కొట్టుకొచ్చి భద్రానదిలో మేట వేసింది. 1987లో ఆ అడవిని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 2005 చివరికల్లా తవ్వకం ఆపాలని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. తవ్వకం ఆగింది. తుంగ, భద్ర, నేత్రావతి మూడూ పుట్టేది ఆ కొండలలోనే.

మీ దగ్గర పటం ఉంటే తీసి, గంగామూల నుంచి శృంగేరి, తీర్థహళ్ళి, శివమొగ్గ, కూడలి, హోస్పేట, మంత్రాలయం, కర్నూలు, ఆలంపురం వరకు పెన్సిలుతో గీత గీయండి. కూడలి నుంచి కృష్ణలో కలిసేదాకా తుంగభద్ర 531 కిలోమీటర్లు పారుతుంది. ఆలంపురానికి కొద్ది దూరంలోని సంగమేశ్వరం దగ్గర ఆ నీరు కృష్ణలో కలుస్తుంది. అక్కడి పాత ఆలయం శ్రీశైలం జలాశయంలో మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడుతుంది.