నూలుపోగు పడుతుందా ఫొటోలో?

ఫిల్ము రోలుకి 36 ఫొటోలు. ఫోన్లో ఒక్క గుడి దగ్గర తీసేవాటికంటే తక్కువే. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నాలుగు రోజులు తిరగడానికి ఈసారి మూడు రోళ్లే సంచిలో వేసుకున్నాను. మూడూ బ్లాక్ అండ్ వైటే. ఏళ్ల తరబడి బీరువాలో పడున్న కెమెరాకి సెల్లు మార్చి, లెన్సు తుడిచి బయల్దేరాను.

"రంగులుండగా ఇదేం సరదా?" అన్నారు ఇంట్లోవాళ్లు. జవాబు పొందూరులో దొరుకుతుందని నా నమ్మకం. పత్తి, ఏకు, నూలు, పంచె... ఖాదీ ఊరికి రంగుతో పనేముంది? చిక్కల్లా తెలుపుతోనే. కెమెరా మీటరు తెల్లబట్టని చూడగానే వెలుగెక్కువైందనుకుని తగ్గించేస్తుంది. దాని మాట వింటే ఖాదీ కాస్తా బూడిదరంగు గుడ్డవుతుంది. అది చెప్పినదానికంటే ఒక స్టాప్ ఎక్కువే ఇవ్వాలి.

నూలు వడికే ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్నారు. దువ్వెన పళ్లకంటే సన్నగా, ఒత్తుగా ఉంటాయి ఆ పళ్లు. దువ్వేకొద్దీ గింజ చుట్టూ ఉన్న పోగులు చిక్కు విడి, నలక పోయి మెరుస్తాయి. ఒక ఫొటో తీశానో లేదో ఆవిడ చెయ్యి చాపేశారు.

"ఏదీ, సూపించు బాబూ."

"ఇందులో ఇప్పుడు కనపడదమ్మా. కడిగి, ప్రింటు వేసి పంపిస్తాను."

ఆవిడ నవ్వారు. "మా పెళ్లి ఫొటో కూడా అంతే, నెల్లాళ్లకిచ్చాడు స్టూడియో ఆయన." కాసేపాగి అన్నారు: "అందరూ వొస్తారు, తీస్తారు. రాట్నం పడతాది, నేను పడతాను. నూలు మాత్రం పడదు. నీ దాంట్లో పడతాదేటి?"

వంద కౌంటు దాటిన నూలు అది. వెలుగు తగిలితే తప్ప కంటికే ఆనదు. రాట్నాన్ని గుమ్మం దగ్గరికి జరపమన్నాను. పక్కనుంచి వీధి వెలుగు, వెనక లోపలి గది చీకటి. పోగు లాగుతూ చెయ్యి పైదాకా వెళ్లి, కదురుకి చుట్టే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ నొక్కాలి. 36లో అయిదు దానికే ఖర్చుపెట్టాను. పడిందో లేదో తెలియకుండానే సెలవు తీసుకున్నాను.

ఆవిడ పెళ్లి ఫొటో మనదేశపు ఫిల్ము మీద తీసిందే కావచ్చు. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ప్రభుత్వ కంపెనీ 1967లో తయారీ మొదలుపెట్టింది. 'ఇందు' పేరుతో ఫిల్మూ, ప్రింటు కాగితమూ వచ్చేవి. పాత స్టూడియోవాళ్లనడిగితే ఆ డబ్బాలు ఇంకా గుర్తే. డిజిటల్ వచ్చాక అది మూతపడింది. నేను వేసిన ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ఇంగ్లండు సరుకు.

రెండో రోలు దాదాపు శ్రీముఖలింగానిదే. మధుకేశ్వరాలయం గోడల మీది శిల్పాలు మిట్టమధ్యాహ్నం చప్పగా ఉంటాయి. పొద్దు వాలి ఏటవాలు ఎండ పడితే ప్రతి గీతకీ నీడొస్తుంది. అప్పటిదాకా వంశధార ఒడ్డున కూర్చోవడమే పని.

అన్నిటికీ నలుపు తెలుపు పనికొస్తుందని మాత్రం అనను. తేలినీలాపురంలో పెలికాన్లు బాగానే వచ్చాయిగానీ, పెయింటెడ్ స్టార్కుల ఈకల్లో ఆ గులాబీ రంగు పోయాక వాటికి ఆ పేరెందుకు? విజయనగరం పైడితల్లి పండగనీ నేనైతే ఇలా తియ్యను. పసుపూ కుంకుమా లేని సిరిమానోత్సవమా!

ఇంటికొచ్చి నేనే కడిగాను. డెవలపర్ 20 డిగ్రీలుండాలి, మన కుళాయి నీళ్లు వేసవిలో 30 దాటతాయి. ఐసుముక్కల గిన్నెలో సీసా పెట్టి, థర్మామీటరు చూసుకుంటూ ఏడున్నర నిమిషాలు. తర్వాత హైపో, ఆపైన కడిగిందే కడగడం. నెగెటివ్‌లో నల్ల గీతలాంటిదేదో ఉంది, గీరుకుపోయిందేమోనని భయం వేసింది.

ఎన్‌లార్జర్ కింద తేలిపోయింది. నాలుగో ఫ్రేము. వేళ్ల కొసనుంచి కదురుదాకా, చీకటి మీద తెల్లగా, తెగకుండా పోగు. ఎనిమిది బై పది కాగితం మీద రెండు ప్రింట్లు వేసి, అట్టల మధ్య పెట్టి పొందూరుకి పోస్టు చేశాను. వెనకాల పెన్సిలుతో రాశాను: "నూలు పడింది అమ్మా."