నొప్పులు ఇంటింటా.. కీళ్లవాతం ఎందరికి?

మొవ్వ, కూచిపూడి వైపు నాట్లు అయిపోయాయంటే మందుల షాపుల్లో "కీళ్ల నొప్పులకి ఏదైనా ఇవ్వండి" అనే మాట బాగా వినిపిస్తుంది. అడిగేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. రోజంతా బురదలో వంగి పనిచేసిన నడుముకి నొప్పి రావడంలో వింతేమీ లేదు. రెండు రోజులు పడుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. పడుకుని లేచాకే ఎక్కువయ్యే నొప్పి వేరే ఉంది. దాని సంగతే ఇది.

డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు, జనం కీళ్లవాతం అంటారు. మోకాలు అరిగిపోవడం వేరు, ఇది వేరు. రోగాల నుంచి కాపాడాల్సిన మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. వేళ్ల కణుపులు, మణికట్లు వాచిపోతాయి. పొద్దున లేచాక గంట దాకా పిడికిలి బిగుసుకోదు. ఫజర్ నమాజ్‌కి వుజూ చేద్దామంటే కుళాయి తిప్పలేరు, జుహర్ వేళకి కాస్త నయం. ఈ తేడాయే పెద్ద గుర్తు.

ఇది ఎంతమందికి ఉంటుంది? ఆసుపత్రి రిజిస్టర్ చూసి చెప్పలేం, ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు అందులో ఉండరు కదా. ఇల్లిల్లూ తిరగాల్సిందే. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో అలాగే 44,551 మంది పెద్దలను సర్వే చేశారు. 1993లో వచ్చిన ఆ లెక్క ప్రకారం నూటికి 0.75 మందికి ఈ జబ్బు ఉంది. పుణె జిల్లా భిగ్వాన్‌లో 1996లో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం నాలుగు వేల మందికి పైగా పెద్దలను పలకరించింది. ఏదో ఒక కీళ్ల, కండరాల నొప్పి ఉందన్నవాళ్లు నూటికి 18 మంది. డాక్టర్లు పరీక్షించాక కీళ్లవాతం అని తేలింది మాత్రం 200 మందిలో ఒకరికే.

అంటే పదివేల మంది పెద్దలున్న చోట 50 నుంచి 75 మంది. వాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు రెండు మూడు రెట్లు ఎక్కువ. మండలం మొత్తానికి లెక్క వేసుకుంటే చిన్న సంఖ్యేమీ కాదు. ప్రపంచం మొత్తం మీద 2019లో కోటీ 80 లక్షల మందికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చిక్కేమిటంటే ఈ 50 మందీ ఆ నొప్పుల గుంపులోనే కలిసిపోతున్నారు. దానికితోడు 2006 చికెన్‌గున్యా. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లో చాలామంది మంచాన పడ్డారు, కొందరికి నెలల తరబడి కీళ్లు పట్టేశాయి. అప్పట్నుంచి కీలు వాస్తే "ఆ జ్వరం తాలూకే" అనేసుకోవడం అలవాటైంది. రక్తంలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అని రిపోర్టు చూసి హడలిపోయేవాళ్లు ఇంకో రకం. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ అది కొందరికి పాజిటివ్ వస్తుంది, జబ్బున్న కొందరికి రాదు. కాబట్టి ఒక్క కాగితాన్ని పట్టుకుని తేల్చలేం.

ఆలస్యమైతే ఎముక తినేస్తుంది, వేళ్లు వంకరపోతాయి. ఒకసారి వంకరపోయినవి మందులతో తిన్నగా కావు. వాపు ఆరు వారాలు దాటిందంటే రుమటాలజిస్ట్‌కి చూపించాలి. దగ్గర్లో లేకపోతే ముందు మచిలీపట్నం, గుడివాడల్లో జనరల్ మెడిసిన్ డాక్టర్ దగ్గరికైనా వెళ్లాలి. నొప్పి ఇంజెక్షన్‌తో, పేరులేని పొడి పొట్లాలతో నెట్టుకొస్తే కష్టం. అలాంటి పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపే బాపతు ఉంది. వేసుకున్న రోజు హాయిగా ఉంటుంది, ఏళ్లు గడిచేసరికి షుగర్, గుల్లబారిన ఎముకలు మిగులుతాయి. అలాగని ఉన్నపళంగా మానేసినా ప్రమాదమే, డాక్టర్‌కి చెప్పే తగ్గించుకోవాలి.

ఎక్కువగా రాసే మందు మెథోట్రెక్సేట్. ఖరీదైనది కాదు. కానీ అది వారానికి ఒక్కసారే. మిగతా మాత్రల్లాగా రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అందుకే శుక్రవారమో, ఆదివారమో ఒక రోజు ఖాయం చేసి అట్టపెట్టె మీద తెలుగులోనో ఉర్దూలోనో రాసిపెట్టుకోవాలి. మధ్యమధ్య రక్తం, లివర్ పరీక్షలు తప్పవు. గర్భిణులు వాడకూడదు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ముందే డాక్టర్‌కి చెప్పి మార్పించుకోవాలి. రంజాన్‌లో ఏ మాత్ర సహరీకి, ఏది ఇఫ్తార్ తర్వాత అన్నది కూడా నెల మొదలవకముందే అడిగి రాయించుకోవాలి.