చిన్న చుక్కాని, ఉప్పు ఊట

మచిలీపట్నం గిలకలదిండి హార్బరులో వరసగా ఆగి ఉన్న బోట్లను చూసేవాళ్లకి ముందు రంగులు కనిపిస్తాయి, తర్వాత వలలు, జెండాలు, ఇంజన్లు. చుక్కాని మాత్రం కనపడదు. అది నీళ్లలో ఉంటుంది. కానీ మొగ దాటి సముద్రంలోకి వెళ్లేటప్పుడు, ఇసుక మేటకి తగలకుండా తిరిగి ఒడ్డుకు చేరేటప్పుడు అంత బోటూ ఆ చిన్న పలక చెప్పినట్టే వినాలి.

బైబిల్లో యాకోబు పత్రిక రాసినాయన నాలుక గురించి చెప్పడానికి ఎంచుకున్న పోలికల్లో ఇదొకటి. కొత్త నిబంధనలో ఐదే అధ్యాయాల పత్రిక అది. మూడో అధ్యాయం మొదటి పన్నెండు వచనాల్లో ఆయన మాట్లాడిందంతా మాట గురించే. గుర్రం నోట్లో కళ్లెం, ఓడకు చుక్కాని, అడవిని కాల్చే నిప్పురవ్వ, మనిషికి మచ్చికయ్యే జంతువులు, చివర తీపీ ఉప్పూ కలవని నీళ్లు. కృష్ణా డెల్టా దిగువన పుట్టి పెరిగినవాళ్లకి వీటిలో రెండింటికి వ్యాఖ్యానం అక్కర్లేదు. చుక్కాని వాళ్ల బతుకులో ఉంది. ఉప్పు నీళ్లు వాళ్ల బావిలో ఉన్నాయి.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య ఉన్నదే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ మంచినీళ్ల విలువ తెలుస్తుంది. ఇసుక నేలల్లో వాన నీరు ఇంకి, బరువైన ఉప్పు నీటి మీద పలచని పొరగా నిలుస్తుంది. పైపైన తోడుకుంటే తియ్యని నీళ్లే వస్తాయి. ఫిల్టర్ పాయింటు లోతుకి దింపి, మోటారు ఆపకుండా తోడితే అడుగున ఉన్న ఉప్పు పైకి లేస్తుంది. ఒకే ఊటలోంచి తీపీ ఉప్పూ వస్తాయా అని యాకోబు అడిగాడు. రావన్నదే ఆయన ఉద్దేశం. దివిసీమ రైతు కాసేపు ఆలోచించి, కోపంగా తోడితే వస్తాయి అంటాడేమో. పొద్దున కుటుంబ ప్రార్థనలో ఎంతో మెత్తగా మాట్లాడిన మనిషి మధ్యాహ్నం గట్టు తగాదాలో ఎలా మారిపోతాడో ఆ నేల మీద బతికేవాళ్లకి తెలియనిది కాదు.

యాకోబు బాధంతా అక్కడే. అదే నాలుకతో దేవుణ్ణి స్తుతించి, దేవుని పోలికలో పుట్టిన మనిషిని శపించడం ఎలా కుదురుతుందని ఆయన అడుగుతాడు. బూతులు మాట్లాడకూడదనే మర్యాద పాఠంతో ఆగిపోయే విషయం కాదిది. తిట్టు తగిలేది ఎదుటి మనిషికే అయినా, అతనిలో ఉన్న పోలిక దేవుడిది. క్రైస్తవంలో నోరు అదుపులో పెట్టుకోవడం భక్తిలో భాగం కావడానికి కారణం ఇదే.

ఈ ప్రాంతంలో ఆ పాఠానికి ఇంకో అర్థం కూడా ఉంది. పల్లెల్లో పిలుపులోనే కులం వినిపించేది. దళిత పేటలోంచి వచ్చిన మనిషికి అరవై ఏళ్లున్నా, పెద్దింటి పిల్లాడు 'ఒరే' అనే పిలిచేవాడు. 'గారు' అనే రెండక్షరాలు ఎవరి పేరు చివర చేరాలో ఊరు ముందే తేల్చి పెట్టింది.

చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో బందరు (మచిలీపట్నం) చేరారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించాడు. ఆరోగ్యం పాడై 1848లోనే కన్నుమూశాడు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. తర్వాతి కాలంలో నోబుల్ కాలేజీగా ఎదిగింది అదే. ఆ బడికి మొదట్లో ఎక్కువగా వచ్చింది పై కులాల పిల్లలే. పేటల్లోకి సువార్త వెళ్లిన దారి వేరు. జిల్లా ఎగువన రాఘవాపురానికి చెందిన మాల పెద్ద పగోలు వెంకయ్య, ఏ పాదిరీ కలవకముందే, పేరు తెలియని దేవుణ్ణి కనిపించమని తన మాటల్లో వేడుకునేవాడని మిషన్ చరిత్రలు చెబుతాయి. 1859లో ఆయన బెజవాడలో ఉన్న మిషనరీ డార్లింగ్ దొరను కలిసి, కుటుంబంతో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఆ తర్వాత కృష్ణా పల్లెల్లో సంఘాలు పెరగడం మొదలైంది.

సంఘాలతో పాటు కొత్త పిలుపులూ వచ్చాయి. పేటలో పుట్టి అక్షరం నేర్చిన మనిషి 'ఉపదేశి గారు' అయ్యాడు. పాస్టరు 'అయ్యగారు', ఆయన భార్య 'అమ్మగారు' అయ్యారు. ఎదురుపడితే 'వందనాలండీ' అనడం అలవాటైంది. ఎవరు ఎవరికి ముందు చెప్పాలన్న లెక్క ఆ మాటలో లేదు. దేవదానం, యేసురత్నం, రూతమ్మ లాంటి పేర్లు పిల్లలకి వచ్చాయి. నాలుకను కాచుకోవడం అంటే చెడ్డ మాట ఆపడం మాత్రమే అనుకునేవాళ్లు ఈ చరిత్రను ఒకసారి చూడాలి. ఇక్కడ ఒక మంచి మాట పలకడానికే మనుషులు తరాల పాటు ఎదురు చూశారు.

కాచుకోవడం అంటే మౌనంగా ఉండిపోవడం కూడా కాదు. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య తమిళుడు. పెద్దయ్యాక తెలుగు నేర్చుకుని దోర్నకల్ వచ్చి పనిచేశాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్ల మిషనరీల ముఖం మీదే ఒక మాట చెప్పాడు. మీ త్యాగాలకు మేము రుణపడి ఉన్నాం, కానీ మాకు మీ స్నేహం కూడా కావాలి అన్నది దాని సారం. సభలో చాలామందికి అది మింగుడు పడలేదు. అయినా ఆయన ఎవరినీ తూలనాడలేదు, నిజాన్నీ దాచలేదు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు ప్రేమతో సత్యం మాట్లాడమన్నది ఇలాంటి మాట కోసమే.

అజరయ్య డయాసిసులో ఇంకో ఆనవాయితీ ఉండేది. కొత్తగా బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లు తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని నోటితో పలికేవాళ్లు. నీళ్లతో పాటు మాట కూడా ఆ రోజు ముద్ర వేసేది.

ఈ రోజుల్లో నోరు జారే చోట్లు మారాయి. ఉపవాస ప్రార్థనలోనో, ఇంటి ప్రార్థనలోనో ఒకరు లేచి, ఫలానా వాళ్ల అమ్మాయి కోసం ప్రార్థన చేయండమ్మా అంటారు. ఎందుకని ఎవరో అడుగుతారు. చెప్పకూడనిదంతా ప్రార్థన విన్నపం పేరుతో బయటికి వస్తుంది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులోకి చేరుతుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత పుట్టిన కాలంలో అందుకు కొన్ని రోజులు పట్టేది. ఇప్పుడు ఒక వేలు చాలు. పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను కాథలిక్కులు, లూథరన్లు ఎనిమిదోదిగా లెక్కిస్తారు, మిగతా ప్రొటెస్టెంట్లు తొమ్మిదోదిగా. దివిసీమ నుంచి వంతెన దాటి లూథరన్ సంఘాలున్న రేపల్లె వైపు వెళితే ఆజ్ఞ అంకె మారుతుందే గాని, ఆజ్ఞ మారదు. లూథర్ తన చిన్న ప్రశ్నోత్తరిలో దానికి ఇచ్చిన వివరణ ఇంకాస్త ముందుకు వెళుతుంది. పొరుగువాడి మీద అబద్ధం చెప్పకపోతే సరిపోదు, అతని గురించి మంచి చెప్పాలి, అతను చేసినదానికి వీలైనంత మంచి అర్థం తీయాలి అంటాడాయన.

బయటివాళ్లతో మాట్లాడే తీరు సంగతేమిటి? గుడివాడ లాంటి పట్టణంలో సువార్త కూటం పెడితే మైకు నాలుగు వీధులకూ వినిపిస్తుంది. ఆ వీధుల్లో గుడి ఉంటుంది, మసీదు ఉంటుంది, పరీక్షకు చదువుకునే పిల్లలుంటారు, మంచాన పడ్డ ముసలివాళ్లుంటారు. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా మైకు మోగకూడదు. అన్ని మతాలకూ వర్తించే నియమమిది. అయితే మైకు ఎంత గట్టిగా మోగుతుందన్నదే కాదు, అందులోంచి ఏం వినిపిస్తుందన్నదీ ముఖ్యమే. అపొస్తలుల కార్యముల పుస్తకంలో ఎఫెసు పట్టణపు గొడవ వస్తుంది. అర్తెమిదేవి భక్తులు నాటకశాలలో చేరి అల్లరి చేస్తుంటే, ఆ ఊరి కరణం లాంటి అధికారి లేచి, పౌలు మనుషులు మన దేవతను దూషించలేదని సాక్ష్యం చెబుతాడు. ఆయన క్రైస్తవుడు కాడు. పక్క మతంవాడి నోటి నుంచి అలాంటి సాక్ష్యం రావడం ఏ సువార్తికుడికైనా గొప్ప యోగ్యతాపత్రం. పేతురు పత్రిక కూడా విశ్వాసం గురించి ఎవరైనా అడిగితే సాత్వికంతో, గౌరవంతో జవాబు చెప్పమంటుంది.

మాట పూర్తిగా ఆగవలసిన సమయాలూ ఉన్నాయి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది. దాదాపు 30,000 మంది పోయారు. అప్పుడు నోబుల్ ఆ ఊళ్లోనే ఉన్నాడు. మరుసటి ఏడాది ఆయన కూడా అక్కడే చనిపోయాడు. 1977 నవంబరు 19న దివిసీమను మింగిన ఉప్పెనలో పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇళ్లకు ఇళ్లు, వంశాలకు వంశాలు లేకుండా పోయాయి. అలాంటప్పుడు ఇది దేవుడి శిక్ష అనే మాట సులువుగా నోటికి వస్తుంది. పాపం ఎవరిదని వెతికే మాట కూడా. యోబు గ్రంథం ఈ తొందరకు అడ్డం నిలుస్తుంది. పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి నీ తప్పు వల్లే ఇదంతా అని వాదించడం మొదలుపెట్టాక, చివరికి వాళ్ల మాటలు సరైనవి కావని దేవుడే చెప్పవలసి వచ్చింది. ఉప్పెనలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఇప్పటికీ దివిసీమలో ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చోవడం ఎలాగో ఆ ఏడు రోజులు నేర్పుతాయి.

మచిలీపట్నం చుట్టుపక్కల ఉప్పు కొఠార్లు కూడా ఉన్నాయి. బావిలో పంటకూ దాహానికీ పనికిరాని ఉప్పే ఆ మడుల్లో ఎండి వంటింటికి చేరుతుంది. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు, మాట ఉప్పు వేసినట్టు రుచిగా ఉండాలంటాడు. యాకోబు భయపడ్డ ఉప్పునే పౌలు కోరుకున్నాడు. కూరలో ఎంత వెయ్యాలో తెలిసిన ఇల్లాలికి ఈ రెండు మాటల మధ్య తగువు కనిపించదు.

మాట చెడినవాళ్లను కలపడానికీ ఒక దారి ఉంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ సంఘం ప్రభువు బల్ల ఆరాధన కోసం రాసుకుని 1950లో మొదలుపెట్టిన క్రమంలో, కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్న ఒక చిన్న ఆచారం ఉంది. ముందుగా అందరూ తలంపులో, మాటలో, చేతలో చేసిన తప్పులు ఒప్పుకుంటారు. తర్వాత ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి 'సమాధానం' అందించుకుంటారు. పొలం గట్టు దగ్గర మాటామాటా అనుకున్న అన్నదమ్ములు, సంఘ ఎన్నికల్లో ఎదురెదురుగా నిలబడి ఆరు నెలలుగా పలకరించుకోనివాళ్లు అదే గుడిలో, ఒక్కోసారి ఒకే చాప మీద ఉంటారు. పీఠం దగ్గర మొదలైన ఆ సమాధానం వరస వరసగా వెనక్కి వస్తుంది. చివరికి ఆ ఇద్దరి మధ్య మూరెడు దూరమే మిగులుతుంది. ఇద్దరిలో ఒకరు ముందుగా చేతులు చాపాలి. రొట్టె, ద్రాక్షరసం ఉన్న బల్ల దగ్గరికి వెళ్లే వరస ఆ తర్వాతే కదులుతుంది.