పద్యమునకు తోడు, యంత్రమునకు గడువు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమున సంగీతమనగానే రంగస్థలమును, పద్యమును, హార్మోనియమును స్మృతికి వచ్చును. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి శ్రీరామవిలాస సభ నాటకములలో స్త్రీపాత్రలు ధరించి ప్రఖ్యాతిగాంచిన స్థానం నరసింహారావుగారి నాటినుండియు, నటుడు రాగమునెచ్చట సాగదీయునో, ఎచ్చట విరుచునో గ్రహించి వెన్నంటి స్వరమందించుటయే హార్మోనిస్టు ప్రజ్ఞగా ఎన్నబడుచున్నది. 1938లో రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టిన ఎస్. జానకిగారు 1957లో చలనచిత్రములకు పాడనారంభించిన కాలమున, గాయకులును వాద్యబృందమును ఏకకాలమున పాడి వాయింపగా పాట ముద్రితమగుచుండెను. తోడు ఆలస్యమైనచో పాట చెడును. అట్టి తోడును నేటి గాయకుడు కంప్యూటరునుండి కోరుచున్నాడు.

ఆ కోరిక ఎంత కఠినమైనదో లెక్కవలన తెలియును. మైకునుండి వచ్చిన ధ్వనిని కంప్యూటరు సాధారణముగా సెకండునకు 48,000 మారులు కొలిచి, ఆ కొలతలను బఫరులను చిన్న మొత్తములుగా గ్రహించును. బఫరునకు 128 కొలతలైనచో, ఒక్కొక్క మొత్తమును సంస్కరించుటకు లభించు వ్యవధి సుమారు 2.7 మిల్లీసెకండ్లు; గాయకునికి మూడడుగుల దూరముననున్న హార్మోనియపు నాదము అతని చెవి చేరుటకు పట్టు కాలమంత మాత్రమే. ఆ గడువులోపల సర్వవాద్యముల ధ్వనులును సిద్ధము కావలెను. కానిచో చిటపటమను శబ్దము వినవచ్చును.

ఒకే ప్రాసెసరు వేగమును పెంచుచు పోవుట, వేడిమివలనను విద్యుద్వ్యయమువలనను దుస్సాధ్యముకాగా, 2005 ప్రాంతమున తయారీదారులు ఒకే చిప్పుపై రెండు కోర్లను (స్వతంత్రముగా పనిచేయు గణనభాగములను), పిదప నాలుగింటిని, ఎనిమిదింటిని అమర్చసాగిరి. సంగీతమునకు ఈ మార్పు అనుకూలమే. తబలా ట్రాకునకును వేణువు ట్రాకునకును పరస్పరాపేక్ష లేదు గనుక, వానిని వేర్వేరు కోర్లకు ఒప్పగింపవచ్చును. అయినను ఒక్క గాత్రమునకే వరుసగా మూడు ఎఫెక్టులు తగిలించినచో, మొదటిది ముగియనిదే రెండవది ఆరంభము కాదు. డెల్టా మాగాణిలో వరికోతకు ఎందరు కూలీలు దిగినను, కోయని పనను కుప్ప వేయుట యెట్లు? ట్రాకులన్నియు కలియు చివరి మిశ్రమమును అట్టిదే.

కంప్యూటరు శాస్త్రజ్ఞుడు జీన్ ఆమ్‌డాల్ 1967లో ప్రతిపాదించిన సూత్రము ఈ పరిమితినే నిరూపించుచున్నది. పనిలో ఐదవ వంతు వరుసగానే జరుగవలసినదైనచో, ఎనిమిది కోర్లున్నను వేగము మూడు రెట్లకు కొంచెము మించును. కోర్లు వేయియైనను ఐదు రెట్లు దాటదు. కోర్లలో అధికభాగము తీరికగానుండగనే ధ్వని తెగిపోవుటకు కారణమిదియే: సగటు భారము స్వల్పమైనను, అత్యంత దీర్ఘమైన వరుసను మోయుచున్న ఒక్క కోరు గడువు తప్పినచో తక్కినవాని శ్రమ వ్యర్థము. అందుచేతనే ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేరు రచించువారు, ధ్వనిని నడపు మార్గమున డిస్కుకొరకు గాని, మరొక పని విడువవలసిన తాళము (లాక్) కొరకు గాని నిరీక్షణ కలుగకుండ శ్రద్ధ వహింతురు. రీపర్, క్యూబేస్ వంటి ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేరులు, అప్పటికప్పుడు పాడనక్కరలేని ట్రాకులను ముందుగానే సంస్కరించి యుంచి, సజీవ గాత్రమునకు మాత్రమే స్వల్పవ్యవధిని కేటాయించును.

స్వగృహముననే పద్యములను ధ్వనిముద్రణ చేయదలచిన యువకులు ఈ తత్త్వమెరిగినచో వృథావ్యయము తప్పును. పాడునప్పుడు బఫరు చిన్నదిగానుంచి, బరువైన ఎఫెక్టులను తొలగించి, ముగిసిన ట్రాకులను ఫ్రీజ్ చేయవలెను. మిశ్రమము చేయునప్పుడు బఫరును 1024కు పెంచినను దోషము లేదు. కంప్యూటరు కొనునప్పుడు కోర్ల సంఖ్యతోపాటు ఒక్కొక్క కోరు వేగమునుగూడ విచారింపవలెను. గాయకుని వెన్నంటియుండుట ఈ సీమ హార్మోనిస్టులకు ఏండ్ల తరబడి సాధనవలన అలవడిన విద్య. యంత్రమున కది పనిని వివేకముతో పంచినపుడే అలవడును గనుక, పాడువారికి స్వరజ్ఞానముతోపాటు ఈ పంపకపు జ్ఞానమును నేడు ఆవశ్యకము.